బ్రేక్‌డౌన్ బండికి పెద్ద ఇంజన్

ఈ మధ్య మా వీధి కుర్రాళ్లు ఇద్దరు పాత లారీ ఒకటి కొన్నారు. రోడ్డు మీద ఆగిపోయిన కార్లను, వ్యాన్లను లాక్కెళ్లే వ్యాపారమట. లారీకి బలం చాలడం లేదని, ఇంజన్ మారుద్దామని నా సలహాకు వచ్చారు. ఫోన్‌లో ఇంజన్ల బొమ్మలు చూపించారు. ఒక్కొక్కటీ పెళ్లిచూపులకు తయారైన కుర్రాడిలా మెరిసిపోతోంది. ఎన్ని గుర్రాల బలమో కింద రాసి ఉంది. నేను కళ్లజోడు తుడుచుకుని అన్నీ చూసి, "బాగున్నాయి నాయనా, మరి గొలుసు దేనికి కడతారు?" అని అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాయనకు మతి తప్పిందనుకుని ఉంటారు. వాళ్లకు నోటితో చెబితే వినే ఓపిక లేదు కనుక రాస్తున్నాను. చదివాక కూడా పెద్ద ఇంజనే వేయించుకుంటామంటే, ఆ బండి మొదటిరోజు ఊరేగింపుకు నన్ను తప్పక పిలవండి.

డెబ్బైలలో నేను పాతబస్తీలోని ఒక బస్సు డిపోలో ఫిట్టర్‌ని. మా డిపోలో బస్సులకన్నా ముఖ్యమైన బండి ఒకటుండేది. బస్సులు ఎప్పుడైనా నడిచేవి, ఎప్పుడైనా ఆగేవి. ఆ బండి మాత్రం రోజూ పనిలో ఉండేది. అదే బ్రేక్‌డౌన్ బండి. ఎప్పుడో మిలిటరీ వాళ్లు వేలం వేసిన, పెట్రోలుతో నడిచే లారీకి వెనక ఒక చిన్న క్రేను, ఒక లావుపాటి గొలుసు తగిలిస్తే అది తయారైంది. చార్మినార్ దగ్గర బస్సు ఆగినా, బేగంబజార్ మలుపులో బస్సు మొరాయించినా ఇదే పోయి లాక్కురావాలి. లాక్కురావడం అంటే మీరు సినిమాల్లో చూసినట్టు కాదు. దాని ఇంజన్‌కు అప్పటికే ఊపిరి అయిపోయింది. పెట్రోలు తాగడంలో మాత్రం వయసులోనే ఉంది.

ఆ ముసలి ఇంజన్‌తో నిండు బస్సును కదిలించడానికి మా డ్రైవర్ కాకా ఒక విద్య కనిపెట్టాడు. దాని పేరు ఝట్కా. గొలుసు కొంచెం వదులుగా ఉంచి, ఇంజన్‌ను గొంతెత్తి అరిపించి, క్లచ్చి ఒక్కసారిగా వదిలేసేవాడు. బండి ఎగిరి ముందుకు దూకేది. గొలుసు బిగిసేది. ఆ అదురుకు వెనక బస్సు ఉలిక్కిపడి కదిలేది. ఒకసారి కదిలిందంటే ఇక డిపో దాకా ఆపేవాడు కాదు, ఆపితే మళ్లీ కదలదని ఆయనకు తెలుసు. పాతబస్తీలో ఈ ఝట్కా చూడ్డానికి జనం దుకాణాల్లోంచి బయటికి వచ్చి నిలబడేవాళ్లు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. గొలుసు కట్టాల్సింది బస్సు ఛాసిస్‌కు, అంటే అడుగున ఉండే ఇనుప చట్రానికి ఉన్న కొక్కానికి. దానికి కట్టాలంటే బురదలో వెల్లకిలా పడుకుని బస్సు కిందికి దూరాలి. అందుకని మేమందరం హాయిగా నిలబడి బంపర్‌కే కట్టేవాళ్లం. పాత ఇంజన్ బలానికి బంపర్ కాదు కదా, బంపర్ మీద పెయింటు కూడా ఊడేది కాదు. అలా ఏళ్ల తరబడి తప్పు పనే సరైన పద్ధతి అయిపోయింది.

కాకా గురించి చెప్పాలి. ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరే. ప్రమాదంలో ఎడమ మోకాలు దెబ్బతింది. ఆయన ప్రయాణికుల బస్సు నడపడానికి పనికిరాడన్నారు డాక్టర్లు. అప్పటి పెద్దలెవరో దయతలచి ఇంటికి పంపకుండా బ్రేక్‌డౌన్ బండి మీద పెట్టారు. ఆ బండి ఉన్నంతకాలం ఆయన నౌకరి ఉంటుంది. బండి పోతే ఆయనా పోవలసిందే. ఆయన మీద చిన్న కేసు పడ్డా అంతే. ఉప్పుగూడలో రెండు గదుల ఇల్లు, ఇంటిల్లిపాదీ ఆ ఒక్క జీతం మీద. అయినా డిపోలో ఆయన నడిచే తీరు చూస్తే నిజాం గారి కారు డ్రైవరేమో అనుకునేవాళ్లం.

ఒకరోజు హెడ్డాఫీసు నుంచి మాట వచ్చింది. ఈ పెట్రోలు రాక్షసిని ఇక భరించలేం, ఇంజన్ మార్చుకుంటారా, బండినే తుక్కు కింద పంపిస్తారా తేల్చుకోండి అని. కాకా ఆ రోజు అన్నం తినలేదు. మా డిపో మేనేజర్ సాబ్ మాత్రం చాలా సంతోషించాడు. మీటింగ్ పెట్టడానికి ఆయనకు ఒక కారణం దొరికింది.

మీటింగ్‌కు నన్ను కూడా పిలిచారు, చాయ్ గ్లాసులు లెక్కకు తగ్గకుండా చూడ్డానికి కాబోలు. పనికొచ్చే ఇంజన్లు రెండే ఉన్నాయి. ఒకటి, తుక్కుకు పోయిన మా బస్సుదే డీజిల్ ఇంజన్. విడిభాగాలు మా దగ్గరే దొరుకుతాయి. ఇంకొకటి, మట్టి తవ్వే పెద్ద యంత్రంలోంచి తీసింది. స్టోర్సు షెడ్డులో ఏళ్లుగా పడి ఉంది. దాన్ని కదిలించాలంటేనే క్రేను కావాలి. స్టోర్ కీపర్‌కు అదెప్పుడు షెడ్డు ఖాళీ చేస్తుందా అని ఆత్రం. కనుక ఆయన దాన్ని కన్నకూతురిని పొగిడినట్టు పొగిడాడు.

మాకు కొత్తగా వచ్చిన ఏ.ఇ. గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఒకాయన ఉండేవాడు. బెజవాడ వైపు మనిషి, కుర్రవాడు, పెళ్లి కాలేదు. అందరినీ గారూ గారూ అనేవాడు. అందుకే ఎవరూ ఆయన మాట వినేవాళ్లు కాదు. ఆయన లేచి గోడమీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు.

"ఇంజన్ ఎంత పెద్దదన్నది కాదండీ. చక్రం దగ్గరికొచ్చేసరికి ఎంత లాగుతుందన్నదే చూడాలి. మన బస్సు ఇంజనే పెట్టి, వెనక ఇరుసులో క్రౌన్ అనే పళ్లచక్రం మారుద్దామండి. గేరు బాగా తక్కువ పడుతుంది. బండి మెల్లగా పోతుంది కానీ ఏనుగునైనా లాగుతుంది."

"మెల్లగ అంటే ఎంత మెల్లగ సార్?" అని కాకా అడిగాడు.

"మనిషి నడిచినంత అనుకోండి."

గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

"సార్, గీ పాతబస్తీల నాకొక ఇజ్జత్ ఉన్నది," అన్నాడు కాకా. "నా ఝట్కా చూసెతందుకు మంది నిలబడ్తరు. ఇగ నా పక్క పొంటి మేకలు నడుచుకుంట పోతుంటే నేను లారీ తోలాల్నా? పెద్ద ఇంజన్ వెయ్యుండ్రి. బస్సేంది, చార్మినార్‌నే గుంజుకొస్త."

మేనేజర్ సాబ్ బల్ల చరిచాడు. "దట్ ఈజ్ ద స్పిరిట్! పవర్ కావాలె మ్యాన్, పవర్! హెడ్డాఫీస్ వాళ్లు చూస్తే నోరు తెర్వాలె." ఏ.ఇ. గారి వైపు తిరిగి, "నువ్వు చదివింది బుక్కుల, మనది రోడ్డు," అన్నాడు. ఆ గదిలో అందరికన్నా రోడ్డుకు దూరంగా బతికిన మనిషి ఆయనే. ఇంటినుంచి డిపోకు, డిపో నుంచి ఇంటికి జీపులో నిద్రపోతూ తిరిగేవాడు.

పెద్ద ఇంజన్‌కే ఓటు పడింది. ఏ.ఇ. గారు సుద్దముక్క జేబులో వేసుకుని, "సరేనండి, ఇంజన్ అదే పెట్టుకున్నా క్రౌన్ మాత్రం మార్చనివ్వండి," అని బతిమాలాడు. అదీ కుదరదన్నారు. పులిని తెచ్చి దానికి గడ్డి పెడతారా అన్నాడు స్టోర్ కీపర్.

ఇంజన్ ఎక్కించడానికి మేం పడ్డ పాట్లు చెబితే ఇంకో పుస్తకమవుతుంది. బానెట్‌లో పట్టలేదు. బానెట్ కోశాం. రేడియేటర్ ముందుకు జరిపాం. చివరికి మూత పడకపోతే తీగతో కట్టాం. స్టార్ట్ చేస్తే పక్క గల్లీలో పిల్లలు నిద్రలేచి ఏడ్చారు. మేనేజర్ సాబ్‌కు ఆ చప్పుడు సన్నాయి మేళంలా వినిపించింది.

మంచి ముహూర్తం చూసి పూజ చేశాం. కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ. బంతిపూల దండలు ఎంత దట్టంగా కట్టామంటే రెండు వైపులా అద్దాలు పూలలో మునిగిపోయాయి. అందంగా ఉందని ఎవరూ తీయలేదు. సరిగ్గా అప్పుడే చార్మినార్ దగ్గర బస్సు ఆగిపోయిందని కబురొచ్చింది. మేనేజర్ సాబ్ ఇది దైవసంకల్పం అన్నాడు. తానే వస్తానని టై బిగించుకుని కాకా పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఏ.ఇ. గారిని డిపోలోనే ఉండమన్నారు, అపశకునం మాట్లాడతాడని.

లాక్కొచ్చే బస్సుకు స్టీరింగ్ పట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. బస్సు గాజుల దుకాణాల ముందు, కొంచెం ఎత్తులో ఆగి ఉంది. మామూలుగానే గొలుసు బంపర్‌కు కట్టాం. బస్సులో ఇంకా ఒక ముసలమ్మ కూర్చునే ఉంది. దిగమంటే, "టికెట్ కొన్న బిడ్డా. ఇది యాడికి పోతే గాడికి నేనూ పోత," అంది. సరే, ఇంతటి చరిత్రకు ఒక సాక్షి ఉండనీ అని వదిలేశాను.

కాకా తన మామూలు ఝట్కాకు సిద్ధమయ్యాడు. గొలుసు వదులు చేశాడు. ఇంజన్ అరిచింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. క్లచ్చి వదిలాడు. బ్రేక్‌డౌన్ బండి ముందుకు దూకింది. గొలుసు బిగిసింది. టపటపమని తుప్పు పట్టిన బోల్టులు తెగాయి. నా కళ్ల ముందే మా బస్సు బంపర్, దానికున్న నంబరు ప్లేటుతో సహా, ఎగిరి రోడ్డు మీద పడి, గొలుసు వెంట బయలుదేరింది. బస్సు జానెడు ముందుకు వచ్చి, మనకెందుకులే అన్నట్టు ఆగిపోయింది.

నేను కేకలు వేశాను. గాజుల దుకాణాల వాళ్లు కేకలు వేశారు. పండ్ల బండ్ల వాళ్లు "అరే రుకో భాయ్, బంపర్! బంపర్!" అని వెంట పరిగెత్తారు. ఆ ఇంజన్ మోతలో ఎవరి గొంతూ ముందుకు చేరలేదు. అద్దాల్లో బంతిపూలు తప్ప ఏమీ కనిపించదు. జనం చేతులూపడం చూసి మేనేజర్ సాబ్ కూడా కిటికీలోంచి చెయ్యి ఊపాడట. బండిలో జరిగిన సంభాషణ తర్వాత కాకానే నాకు చెప్పాడు.

"సాబ్, మస్తు తేలికగ వస్తున్నది."

"చూసినవా? అదీ పవర్ అంటే! వెనక బస్సు ఉన్నట్టే లేదు."

నిజమే. లేదు.

డిపోలో గేటు తెరిచి పెట్టుకుని అందరూ రెండు వరసల్లో నిలబడ్డారు. మధ్యలోంచి బ్రేక్‌డౌన్ బండి గర్జిస్తూ వచ్చింది. దాని వెనక గొలుసు, గొలుసు వెనక బంపర్, రోడ్డుకు రాసుకుని తళతళలాడుతూ వచ్చింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, ఎలుకైనా ప్రాణంతో ఉంటుంది. నంబరు ప్లేటు లోపలికి వచ్చింది కనుక నంబరు ప్రకారం బస్సు వచ్చినట్టేనని టైమ్ కీపర్ వాదించాడు. ఇక్కడ చార్మినార్ దగ్గర నేను, ముసలమ్మ బస్సులో కూర్చుని ఉన్నాం. ఆమె కాసేపు చూసి, "బిడ్డా, డిపో వచ్చిందా?" అని అడిగింది.

నవ్వు అక్కడితో అయిపోయింది. మర్నాటికే సంగతి హెడ్డాఫీసుకు చేరింది. విచారణకు ఒక పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మేనేజర్ సాబ్ మొదట బంపర్‌ను తిట్టాడు, తర్వాత బోల్టులు చేసినవాణ్ణి తిట్టాడు, చివరికి తనకు అందే దూరంలో ఉన్న మనిషిని పట్టుకున్నాడు. "డ్రైవర్ క్లచ్చి గుడ్డిగ వదిలిండు. ర్యాష్ డ్రైవింగ్!" అని అందరికీ చెప్పసాగాడు. ఇంజన్‌కు ఓటేసిన నోళ్లన్నీ మూతపడ్డాయి. కాకా వర్క్‌షాపు వెనక టైర్ల మీద కూర్చున్నాడు. నేను చాయ్ తీసుకుపోతే గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"ఇగ అయిపోయింది తమ్మీ," అన్నాడు. "కుంటోనికి కొత్త నౌకరి ఎవడిస్తడు?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన తప్పు లేదని నేను అనలేను. ఆ ఇంజన్ కావాలని రొమ్ము విరుచుకుని అడిగిందీ ఆయనే, దానికి ఝట్కా ఇచ్చిందీ ఆయనే.

విచారణ వర్క్‌షాపులోనే జరిగింది. వచ్చిన అధికారి సన్నగా, కోపం తెలియని మొహంతో ఉన్నాడు. అటువంటివాళ్లే ప్రమాదం. ఆయన ఏ.ఇ. గారిని పిలిచి సూటిగా అడిగాడు. "ఇంజనీరు మీరు. తప్పు ఇంజన్ ఎంపికదా, డ్రైవర్‌దా?"

మేనేజర్ సాబ్‌కు గొంతులో వెలక్కాయ పడింది. ఏ.ఇ. గారు వద్దన్న ఇంజన్ అది. ఆ మాట చెబితే ఆయన చేతులకు మట్టి అంటదు. కానీ అది చెప్పిన మరుక్షణం మేనేజర్ సాబ్ తనను కాపాడుకోవడానికి కాకా మీద ర్యాష్ డ్రైవింగ్ కేసు రాయించడం ఖాయం. ఈ లెక్క మాకందరికీ తెలుసు. కాకా నేల చూస్తూ నిలబడ్డాడు.

ఏ.ఇ. గారు గొంతు సవరించుకున్నాడు. "ఇంజన్ మంచిదేనండి. డ్రైవర్ గారి తప్పు అసలు లేదండి. ఆ ఇంజన్‌కు వెనక క్రౌన్ కూడా మార్చాలండి. గొలుసు ఛాసిస్‌కే కట్టాలని చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే. పని సగంలో ఉండగానే బండి బయటికి వదిలేశాను. పొరపాటు నాదండి."

అధికారి తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "అయితే ఆ సగం పని పూర్తి చేసి చూపించండి," అని మాత్రం అన్నాడు.

క్రౌన్ మార్చాం. మేనేజర్ సాబ్ ఒప్పుకోవడానికి ఏ.ఇ. గారు ఒక్క మాట వాడాడు. "మీరు ఎంచుకున్న ఇంజన్ బలం మరీ ఎక్కువైపోయిందండి, దాన్ని కొంచెం అదుపులో పెట్టాలి," అన్నాడు. మేనేజర్ సాబ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత ఏ.ఇ. గారు కాకాను బండిలో కూర్చోబెట్టుకుని డిపో ఆవరణలోనే క్లచ్చి మెల్లగా వదలడం నేర్పించాడు. జన్మంతా ఝట్కా ఇచ్చిన కాలు అది, మాట వినదు. కాకా చెమటలు కక్కుతూ నేర్చుకున్నాడు.

పరీక్షకు బేగంబజార్‌లో నిండుగా సామాను, మనుషులు ఉన్న బస్సునే లాగించారు. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్లి, బురదలో వెల్లకిలా పడుకుని గొలుసు ఛాసిస్‌కు కట్టాను. కాకా క్లచ్చి వదిలాడు. ఏమీ జరగలేదనుకున్నాం. చూస్తే బస్సు కదులుతోంది. చప్పుడు లేదు, దూకుడు లేదు. తోపుడు బండ్లు మమ్మల్ని దాటి పోయాయి. బస్తా నెత్తిన పెట్టుకున్న హమాలీ ఒకడు కాకా పక్కన నడుస్తూ, "ఏంది కాకా, ముహూర్తం ఇంక రాలేదా?" అన్నాడు. కాకా పళ్లు బిగబట్టి ముందుకే చూశాడు. అధికారి కాసేపు బండి పక్కన నడిచి, విసుగు పుట్టి ముందు నడిచి, డిపోకు చేరి చాయ్ తాగి, పేపరు చదివి ముగించాక మేం వచ్చాం. బస్సు మొత్తం వచ్చింది. బంపర్ కూడా దాని చోటే ఉంది.

న్యాయం వెంటనే జరిగింది. ఇంజన్‌ను ధైర్యంగా ఎంపిక చేసినందుకు మేనేజర్ సాబ్‌కు మెచ్చుకోలు, ఆ తర్వాత ప్రమోషన్. పని సగంలో బండి వదిలినందుకు ఏ.ఇ. గారికి పాలమూరు వైపు ఒక మారుమూల డిపోకు బదిలీ. కాకా మీద ఏ కేసూ లేదు. బండి ఉంది, నౌకరి ఉంది.

ఏ.ఇ. గారు ఉప్పుగూడ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కాలి. ఒక రేకు ట్రంకు, ఒక పరుపుచుట్ట, అంతే సంసారం. రిక్షా పిలవబోతుంటే కాకా బ్రేక్‌డౌన్ బండి తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఎక్కడైనా బస్సు ఆగితే తప్ప ఆ బండి డిపో దాటకూడదని రూలు. అందుకని ఆ రోజు ఉప్పుగూడ దగ్గర ఒక బస్సు ఆగింది. ఆగిపోయిన బస్సులను నా సర్వీసులో వందలు చూశాను కానీ, ముందుగా మాట్లాడుకుని ఆగిన బస్సు అదొక్కటే.

ముగ్గురం ముందు సీట్లో కూర్చున్నాం. సైకిళ్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. ఏ.ఇ. గారు వాచీ చూసుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు.

"కొంచెం తొందరగా పోనిస్తారా డ్రైవర్ గారూ?"

"యాడికెళ్లి పోనిస్త సార్? మీరు బెట్టిన క్రౌనే గద."

స్టేషన్ కనిపించేసరికి రైలు కూత వినిపించింది. మేం చేరేసరికి గార్డు డబ్బా వెనక భాగం కనిపించింది. ఏ.ఇ. గారు ట్రంకు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. తిట్టడం రాని మనిషి కనుక నవ్వేశాడు. కాకా మొహంలో విచారం వెతికాను, ఎక్కడా దొరకలేదు.

"పొద్దుగూకినంక ఇంకో రైలున్నది సార్. మా ఇల్లు గీడనే. అన్నం తిని పోదురు, పాండ్రి."

వెళ్లాం. చాప వేశారు. పిల్లలు, ముసలి తల్లి, అందరూ ఒక వరసలో కూర్చున్నారు. కాకా భార్య వడ్డిస్తూ ఏ.ఇ. గారిని పరీక్షగా చూసింది.

"మీరేనా సార్ ఆ పెద్ద ఇంజన్ ఇప్పిచ్చింది? అది వచ్చినంకనే మా నౌకరి నిలబడ్డదని ఈయన రోజూ చెప్తడు. దాని పేరు మీద దేవునికి దీపం పెడుతున్న."

ఏ.ఇ. గారు ఏదో అనబోయి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. నేను నా పళ్లెంలోకి చూసుకున్నాను.

"ఇంజన్ గాదే," అన్నాడు కాకా. "ఇంజన్ ముంచింది. ఈ సార్ నిలబెట్టిండు. వద్దు వద్దని చెప్పిండు, మేం నవ్వినం. నేను చేసిన తప్పు తన మీదేసుకున్నడు. గందుకే పాలమూరు పోతున్నడు."

పిల్లలు కూడా తినడం ఆపారు. ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, భర్తను అడిగింది.

"మరి ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"సిగ్గయింది," అన్నాడు కాకా, తల ఎత్తకుండా.